స్పానిష్‌లో ఎలక్ట్రానిక్స్ మొదలుపెట్టాలంటే?

ప్రశ్న: మా అక్క కూతురికి 14 ఏళ్లు. చదువంతా స్పానిష్‌లోనే. తెలుగు వింటే అర్థమవుతుంది, చదవలేదు. ఇంగ్లీషు వీడియో పెడితే రెండు నిమిషాల్లో మూసేస్తుంది. స్క్రూడ్రైవర్ దొరికితే మాత్రం ఇంట్లో ఏదీ మిగలదు! నాకు ఎలక్ట్రానిక్స్ తెలీదు, స్పానిష్ అసలే రాదు. ఎక్కడ మొదలుపెట్టించాలి?

జవాబు: ముందే కిట్ కొనకండి. కొలరాడో యూనివర్సిటీ వాళ్ల ఫెట్ సిమ్యులేషన్లు (స్క్రీన్ మీదే చేసే ప్రయోగాలు) స్పానిష్‌లోనూ ఉన్నాయి, ఉచితం. బ్యాటరీ, బల్బు, వైర్లు కలిపి చూసుకోవచ్చు. కరెంటు ఎటు పోతోందో కళ్లకు కనిపిస్తుంది. ఆ తర్వాత టింకర్‌క్యాడ్, సర్క్యూట్లు స్క్రీన్ మీదే కట్టి చూసే వెబ్‌సైట్. దాన్నీ స్పానిష్‌లోకి మార్చుకోవచ్చు, అందులో ఆర్డుయినో అనే చిన్న కంప్యూటర్ బోర్డుకు ప్రోగ్రాం కూడా రాసి నడిపించొచ్చు.

నిజం పార్టులతో మొదటి పని ఎల్‌ఈడీ వెలిగించడమే. 9 వోల్టుల బ్యాటరీకి ఎర్ర ఎల్‌ఈడీని నేరుగా తగిలిస్తే కాలిపోతుంది. ఎల్‌ఈడీ దగ్గర సుమారు 2 వోల్టులు పోతే మిగిలేవి 7. మధ్యలో 470 ఓమ్‌ల రెసిస్టర్ (కరెంటును తగ్గించే చిన్న పార్టు) పెట్టండి. 7ని 470తో భాగిస్తే దాదాపు 15 మిల్లీఆంపియర్ల కరెంటు, అది చాలు. ఈ లెక్క తననే వేయమనండి. ఎల్‌ఈడీ పొడుగు కాలు బ్యాటరీ ప్లస్ వైపు ఉండాలి.

ఇంకొకరు: మైక్రోబిట్ అనే పిల్లల ప్రోగ్రామింగ్ బోర్డు కూడా చూడండి. దానికి ప్రోగ్రాం రాసే మేక్‌కోడ్ ఎడిటర్ స్పానిష్‌లో ఉంది, బోర్డు లేకపోయినా స్క్రీన్ మీదే నడుస్తుంది. ఆ స్క్రూడ్రైవర్ సంగతి మాత్రం టెన్షనే. ప్లగ్ తీసేసినా లోపలి కెపాసిటర్లలో (చార్జ్ దాచుకునే పార్టులు) చార్జ్ ఉండిపోతుంది. ప్లగ్‌తో నడిచే వస్తువులు విప్పనివ్వకండి, ప్రస్తుతానికి బ్యాటరీవి చాలు.