డ్రైయర్ తిరుగుతోంది కానీ వేడి రావట్లేదు, ఏం చూడాలి?

డాలస్‌బాబు: అందరికీ నమస్తే. మా ఎలక్ట్రిక్ డ్రైయర్ తొమ్మిదేళ్ల పాతది, ఇల్లు కొన్నప్పుడు ఇంటితోపాటే వచ్చింది. నాలుగు రోజుల నుంచి డ్రమ్ము శుభ్రంగా తిరుగుతోంది, టైం అయిపోగానే ఆగుతోంది, కానీ బట్టలు వేసినవి వేసినట్టే తడిగా బయటికొస్తున్నాయి. మెకానిక్ వచ్చి చూడ్డానికే 120 డాలర్లు అంటున్నాడు, రిపేర్ ఖర్చు వేరేనట. ఇండియా నుంచి వచ్చిన అత్తయ్యగారేమో పెరట్లో దండెం కట్టేయండి గొడవ వదిలిపోద్ది అంటున్నారు. మల్టీమీటర్ ఉంది, ఏదో కొద్దిగా వాడటం వచ్చు.

వైరింగ్‌రావు: ఏదీ విప్పకముందు బ్రేకర్ చూడండి. డ్రైయర్‌కి 30 ఆంప్స్ డబుల్ బ్రేకర్ ఉంటుంది, రెండు 120 వోల్టుల లైన్లు కలిస్తే 240 వోల్టులు. మామూలుగా మోటర్‌కి ఒక్క లైన్ చాలు, హీటర్‌కి రెండూ కావాలి, అందుకే ఆ రెండో లైన్ పోతే డ్రమ్ము తిరుగుద్ది గానీ వేడి రాదు. చూడ్డానికి ఆన్‌లో ఉన్నట్టే కనిపిస్తుంది, ఓసారి పూర్తిగా ఆఫ్ చేసి మళ్లీ ఆన్ చేయండి. నేనిది తెలీక కొత్త హీటర్ కొని మరీ బిగించా, ఆ రోజు మా ఆవిడ మొహం చూడాల్సింది.

డాలస్‌బాబు: బ్రేకర్ బానే ఉందండీ, ఆఫ్ చేసి ఆన్ చేసినా అంతే.

స్క్రూడ్రైవర్: అయితే ప్లగ్ పీకేయండి, స్విచ్ ఆపితే సరిపోదు. చాలా మోడల్స్‌లో వెనక రేకు విప్పితే హీటర్ డబ్బా కనిపిస్తుంది, దాని మీదే థర్మల్ కటాఫ్ (వేడి మితిమీరితే కరెంట్ ఆపేసే చిన్న పార్ట్) ఉంటుంది. వైర్ ఊడదీశాకే మీటర్ పెట్టాలి, లేకపోతే తప్పు రీడింగ్ వస్తుంది. హీటర్‌కి సుమారు 10 ఓమ్స్ రావాలి, అసలేం చూపించకపోతే తీగ తెగినట్టే. కటాఫ్‌కి మీటర్‌ని కంటిన్యుటీ (తీగ తెగలేదని చూసే) సెట్టింగ్‌లో పెడితే బీప్ రావాలి. కటాఫ్ పోయిందంటే వేడి గాలి బయటికి పోయే పైపులో బట్టల పీచు అడ్డుపడిందేమో కూడా చూడండి, అది ఊరికే పోదు.

డాలస్‌బాబు: మీరన్నట్టే కటాఫ్‌కి బీప్ లేదు, హీటర్ 11 చూపించింది. పైపు లాగితే దూదిపరుపు కుట్టుకునేంత పీచు వచ్చింది, బయట గోడ దగ్గర మూతలో పిట్టగూడు కూడా ఉంది, ఖాళీదే. పార్ట్ గురువారం గానీ రాదు, అప్పటిదాకా ఆ రెండు వైర్లు కలిపేసి నడిపేయొచ్చా?

స్క్రూడ్రైవర్: వద్దు బాబూ, ఒక్క లోడ్ కూడా వద్దు. అది ఉన్నదే వేడి మితిమీరితే కరెంట్ కట్ చేయడానికి, పీచేమో ఇట్టే అంటుకుంటుంది. మూడు రోజులు దండెం మీద వేసుకోండి. కటాఫ్‌తోపాటు పక్కనుండే థర్మోస్టాట్ (వేడిని అదుపులో ఉంచేది) కూడా కిట్‌గా వస్తే రెండూ మార్చేయండి. వెనక ఆ మెత్తటి ఫాయిల్ పైపుంటే తీసేసి 4 అంగుళాల గట్టి రేకు పైపు వేయండి, మడతల్లోనే పీచంతా పట్టేది.

కొత్తమెంబర్: మధ్యలో వస్తున్నా సారీ, మాది గ్యాస్‌ది, మొదట పది నిమిషాలు వేడిగా ఉండి తర్వాత చల్లబడిపోతోంది, ఇదే ప్రాబ్లమా?

వైరింగ్‌రావు: కాదు, గ్యాస్ వాల్వ్ మీద కాయిల్స్ ఉంటాయి, అవి వేడెక్కాక పనిచేయడం మానేస్తే ఇలాగే అవుద్ది. వేరే పోస్ట్ పెట్టండి, మోడల్ నంబర్ డోర్ లోపల ఉంటుంది.

డాలస్‌బాబు: గురువారం బిగించా. పార్ట్‌కి 25 డాలర్లయింది, లోడ్ 45 నిమిషాల్లో ఆరిపోయింది. అత్తయ్యగారు మాత్రం దండెం విప్పనివ్వట్లేదు.