‘సితి’ దగ్గరే ఆగిపోయాను, ఎవరైనా చెప్పండి

అర్ధరాత్రి చదువరి: జంతువుల కథలైతే లాటిన్ తేలిగ్గా వస్తుందన్నారని తోడేలు, గొర్రెపిల్ల కథ పట్టుకున్నా. మూడు గంటలైంది, రెండో పాదం దాటలేదు. ‘సితి కొంపుల్సి’ ఏంటసలు? ‘సితుస్’ అంటే ‘నెలకొన్న’ అట, బహువచనం సితి. ఎక్కడ నెలకొన్నారు? తలనొప్పి వచ్చేసింది.

పుల్లట్టు: ఏ పుస్తకం?

కీర్తనల గంట: ముందు ఉచ్చారణ సరిచేసుకోండి. మేం చర్చిలో ‘ఆన్యుస్ దేయి’ (దేవుని గొర్రెపిల్ల) అని పాడతాం. గొర్రెపిల్లని ‘అగ్నుస్’ అనకండి.

విభక్తి పిచ్చి: రోమన్లు ‘అఙ్నుస్’ అనేవాళ్లు. అయినా ఆయన అడిగింది అది కాదు కదండీ.

కొత్త విద్యార్థి: దీర్ఘాలకి గీతలున్న పుస్తకం కొనుక్కోండి, ఈ గొడవే ఉండదు.

విభక్తి పిచ్చి: ఇక్కడ గీత పెట్టినా లాభం లేదు. రెండు ‘సితి’ల్లోనూ చివర దీర్ఘమే. ఇది ‘సితిస్’, అంటే దాహం. అబ్లేటివ్ అనే విభక్తిలో సితి అవుతుంది. ‘కొంపుల్సి’ (తరమబడ్డవాళ్లు) ఒక్కటే ప్రథమా బహువచనం, తోడేలుకీ గొర్రెపిల్లకీ కలిపి. దాహం తరిమితే ఇద్దరూ ఒకే వాగుకొచ్చారు, అంతే.

కొత్త విద్యార్థి: అబ్లేటివ్ అంటే పంచమి కదా? మీరు చెప్పింది తృతీయలా ఉంది.

విభక్తి పిచ్చి: లాటిన్‌లో ఆ రెండూ కలిసిపోయాయి, సప్తమి కూడా చాలావరకు. మన వరసలో ఇరికించకండి. ‘దాహంతో’ అన్నా ‘దాహం వలన’ అన్నా కథ ఒకటే.

కొత్త విద్యార్థి: ఒకటే అయితే ఇన్ని పేర్లెందుకో!

పుల్లట్టు: ఏ పుస్తకం అని అడిగా.

అర్ధరాత్రి చదువరి: అట్ట మీద ఫేద్రస్ అని రోమన్ కవి పేరుంది. చెప్పలేదా?

పుల్లట్టు: అది పద్యం. అన్వయం చేసుకోకుండా పద్యం చదువుతారా? ముందు వచనంలో ఉన్న ఈసపు కథలు చదవండి.

విభక్తి పిచ్చి: వదలొద్దు, తర్వాతి ముక్క బాగుంటుంది. ‘సుపెరియోర్ స్తాబత్ లుపుస్, లొంగెక్వె ఇన్ఫెరియోర్ అగ్నుస్’. తోడేలు ఎగువన నిలబడింది, గొర్రెపిల్ల బాగా దిగువన. రెండోసారి క్రియ లేదు చూడండి, తెలుగులోనూ అక్కర్లేదు. నీళ్లు కిందికే పారతాయి, అయినా తోడేలు ‘నా నీళ్లు బురద చేశావ్’ అని గొర్రెపిల్ల మీద విరుచుకుపడుతుంది. ఎగువ, దిగువ పట్టుకుంటే కథంతా చేతికొచ్చినట్టే.

అర్ధరాత్రి చదువరి: ఓకే, థాంక్స్. ‘లొంగెక్వె’ డిక్షనరీలో లేదేంటి?

పుల్లట్టు: ‘క్వె’ తీసి వెతకండి. ‘మరియు’ అని తగిలించారు.

కీర్తనల గంట: ‘లొంజెక్వె’ అనాలి.