40 ఎక్స్‌టెన్షన్లకు క్లౌడ్ పీబీఎక్సా, ఆఫీసులోనే సర్వరా?

విజయవాడ ఆటోనగర్‌లో విడిభాగాల డీలర్ ఆఫీసు. 40 ఎక్స్‌టెన్షన్లు, ఒకేసారి నడిచే కాల్స్ 12కి మించవు. ఇప్పుడున్నది పాత అనలాగ్ ఈపీఏబీఎక్స్ (ఆఫీసు ఫోన్లను కలిపే ఎక్స్ఛేంజ్), ఒక పీఆర్‌ఐ లైన్ (టెలిఫోన్ కంపెనీ ఇచ్చే డిజిటల్ లైన్; 30 ఛానళ్లు, సగం ఖాళీయే). దీని బదులు ఆ ఎక్స్ఛేంజ్ పనిని నెట్ ద్వారా బయటి కంపెనీ నడిపే క్లౌడ్ పీబీఎక్స్ తీసుకోవాలా, ఆఫీసులోనే సొంత సర్వర్ పెట్టాలా అన్నది తేలడం లేదు.

క్లౌడ్ అయితే కాల్స్ నెట్ మీదే వెళ్తాయి. జీ.711 కోడెక్‌తో (మాటను డేటాగా మార్చే పద్ధతి) ఒక్కో కాల్‌కు అటూ ఇటూ 87 కేబీపీఎస్ చొప్పున వేసుకుంటే 12 కాల్స్‌కు సుమారు ఒక ఎంబీపీఎస్ చాలు. కాబట్టి బ్యాండ్‌విడ్త్ కాదు, జిట్టరే (ప్యాకెట్లు సమంగా రాక మాట తెగడం) భయం. మధ్యాహ్నం బిల్లింగ్ బ్యాకప్ మొదలవగానే అప్‌లోడ్ నిండిపోతుంది. రౌటర్‌లో వాయిస్ ప్యాకెట్లకు డీఎస్‌సీపీ 46 (ముందుగా పంపాలని చెప్పే గుర్తు) ప్రాధాన్యం ఇచ్చినా, ప్యాకెట్ ఆఫీసు దాటాక దాన్ని ఎవరు పట్టించుకుంటారు?

సొంతంగా పెడితే ఆస్టరిస్క్ (ఉచిత పీబీఎక్స్ సాఫ్ట్‌వేర్) సర్వర్, దాన్ని పీఆర్‌ఐ లైన్‌కు కలిపే గేట్‌వే, పీఓఈ స్విచ్‌లు (నెట్‌వర్క్ కేబుల్‌తోనే ఫోన్లకు కరెంటు ఇచ్చేవి), వాటన్నిటికీ యూపీఎస్. నెట్ పోయినా లోపలి కాల్స్, పీఆర్‌ఐ కాల్స్ ఆగవు. కానీ సర్వర్ మొరాయిస్తే చూసే మనిషి లేడు, అసలు చిక్కు అదే.

రెండూ నడిపినవాళ్లు చెప్పండి:

క్లౌడ్‌కు వెళ్తే పీఆర్‌ఐ నంబర్లు అలాగే ఉంచుకోవచ్చా? ఒకవైపే మాట వినిపించే సమస్య సిప్ ఏఎల్‌జీ (నెట్ కాల్స్ ప్యాకెట్లను రౌటర్ మార్చే సదుపాయం) ఆపేస్తే పూర్తిగా పోయిందా, నాట్ (ఆఫీసు లోపలి అడ్రసులను బయటి అడ్రసుగా మార్చే రౌటర్ పని) సెట్టింగ్‌లూ మార్చాల్సి వచ్చిందా? రెండో నెట్ లైన్‌కు మారేటప్పుడు నడుస్తున్న కాల్స్ తెగాయా? నెలవారీ బిల్లు ఎక్స్‌టెన్షన్‌కా, ఛానల్‌కా?