జో ఫ్రేజియర్ దెబ్బలు తిని గెలిచాడా, తప్పించుకుని గెలిచాడా?

ప్రశ్న

1971 మార్చి 8న న్యూయార్క్‌లోని మాడిసన్ స్క్వేర్ గార్డెన్‌లో మహమ్మద్ అలీకీ జో ఫ్రేజియర్‌కీ జరిగిన బాక్సింగ్ పోరును ఇటీవలే మొదటిసారి పదిహేను రౌండ్లూ వదలకుండా చూశాను. అలీ ఆరడుగుల మూడంగుళాల మనిషి, ఫ్రేజియర్ ఆరడుగులకు కాస్త తక్కువ. చేతుల నిడివిలోనూ దాదాపు ఐదంగుళాల తేడా ఉంది. అయినా రిఫరీ, ఇద్దరు జడ్జీలు, ముగ్గురూ ఫ్రేజియర్‌కే విజయాన్ని ఇచ్చారు. పది దెబ్బలు తిని ఒక్కటి కొట్టే మొండివాడని అతడి గురించి ఎక్కడ చూసినా రాస్తారు. నాకు కనిపించింది వేరు: అతడి తల ఒకచోట నిలవనే లేదు. అయితే రెండేళ్లు తిరగకముందే, 1973 జనవరి 22న, జమైకాలోని కింగ్‌స్టన్‌లో జార్జ్ ఫోర్‌మన్ అతడిని రెండు రౌండ్లలో ఆరుసార్లు పడగొట్టాడు. ఒకరి మీద అంతగా పనిచేసిన పద్ధతి మరొకరి మీద అంత ఘోరంగా ఎందుకు విఫలమైందో తెలిసినవారు వివరించగలరా?

మొదటి జవాబు

మీరు సరిగ్గానే చూశారు. ఫ్రేజియర్ దెబ్బలు తిన్న మాట నిజమే కానీ, అతడి వైపు వచ్చిన దెబ్బల్లో తగిలినవాటి కంటే తల మీదుగా పోయినవే ఎక్కువ. మోకాళ్లు వంచి, గడ్డం ఛాతీకి ఆనించి, నడుము దగ్గర నుంచి అటూ ఇటూ ఊగుతూ ముందుకు వచ్చేవాడు. ఎడమవైపు వంగి ఒక పంచ్‌ను తప్పించుకున్నప్పుడు ఒంటి బరువంతా ఎడమ కాలి మీదికి చేరుతుంది. అక్కడి నుంచి పైకి లేస్తూ కొట్టే లెఫ్ట్ హుక్‌లో (మోచేయి వంచి, ఎడమచేతిని పక్క నుంచి చుట్టు తిప్పి కొట్టే దెబ్బలో) భుజం బలమే కాకుండా తొడ, నడుము బలం కూడా కలిసి వస్తుంది. అంటే అతడి విషయంలో తప్పించుకోవడమే కొట్టడానికి సన్నాహం, ఆ రెండింటినీ విడదీసి చూస్తే అతడి ఆట అర్థం కాదు.

ఆ ఎడమ చేతికి ఒక కథ ఉంది. దక్షిణ కరోలినాలోని బ్యూఫర్ట్ దగ్గర పొలం పనుల మధ్య పెరుగుతున్న రోజుల్లో ఒక పంది వెంటబడితే పడిపోయి చేయి విరిగిందని, వైద్యం లేకుండానే అతుక్కోవడంతో అది ఎప్పటికీ పూర్తిగా చాపుకోలేని విధంగా మిగిలిపోయిందని అతడే చెప్పుకున్నాడు. హుక్‌కు కావలసింది వంగిన మోచేయే! తర్వాత ఫిలడెల్ఫియాలో కబేళాలో పనిచేస్తూ సాధన చేశాడు. 1964 టోక్యో ఒలింపిక్స్‌కు మొదట ఎంపికైన బస్టర్ మాథిస్ గాయపడితే ఆ స్థానంలో వెళ్లి, విరిగిన ఎడమచేతి బొటనవేలితోనే ఫైనల్ ఆడి స్వర్ణం తెచ్చాడు.

రెండవ జవాబు

నేను కొన్నేళ్లు అమెచ్యూర్ బాక్సింగ్ నేర్చుకున్నాను కనుక ఆచరణలో ఇది ఎలా ఉంటుందో చెప్పగలను. మా కోచ్ రింగ్‌లో ఒక మూల నుంచి ఎదురు మూలకు భుజాల ఎత్తులో తాడు కట్టించి, దాని కింది నుంచి అటు ఒకసారి, ఇటు ఒకసారి తల దూర్చుతూ ముందుకు నడవమనేవారు. రెండు నిమిషాలకే తొడలు మండిపోయి, మోకాళ్లు వంచడం మానేసి నడుము మాత్రమే వంచేవాళ్లం. అలా వంచితే చూపు నేల మీదికి పోతుంది, ఎదుటివాడి చేతులు కనిపించవు. ఫ్రేజియర్ పదిహేను రౌండ్లపాటు మోకాళ్లు వంచి, చూపు ఎదుటివాడి మీదే నిలిపాడంటే, దాన్ని కేవలం మొండితనం అనడం అతడు చేసిన సాధనకు అన్యాయం చేయడమేనని నా అభిప్రాయం.

పదిహేనో రౌండ్ మొదట్లో అలీ పడిపోయిన క్షణాన్ని మళ్లీ నెమ్మదిగా చూడండి. అప్పర్‌కట్, అంటే కింది నుంచి గడ్డం వైపు పైకి విసిరే దెబ్బ, కొట్టడానికి అలీ కుడిచేతిని కిందికి దించుతాడు, అతడి దవడ కుడివైపు ఖాళీ అవుతుంది. ఫ్రేజియర్ హుక్ సరిగ్గా ఆ ఖాళీలోకే వస్తుంది. అప్పర్‌కట్‌కు ముందు అలీ చేయి దించుతాడని కనిపెట్టి, అదే సమయంలో హుక్ వేయమని ఫ్రేజియర్‌కు నూరిపోసినవాడు ఎడ్డీ ఫచ్. అప్పటికి ముఖ్య శిక్షకుడు యాంక్ డరమ్, ఫచ్ ఆయనకు తోడుగా ఉండేవాడు. అలీ అలవాటు నడుము నుంచి వెనక్కి వంగి దెబ్బ తప్పించుకోవడం. తిన్నగా వచ్చే పంచ్‌లకు అది సరిపోయింది, కింది నుంచి చుట్టు తిరిగి వచ్చే హుక్‌కు సరిపోలేదు.

మూడవ జవాబు

ఫోర్‌మన్ సంగతి నేను చెబుతాను. అలీ వెనక్కి జరిగేవాడు, ఫోర్‌మన్ జరగలేదు. రెండు చేతులూ చాచి ఫ్రేజియర్ భుజాలను నెట్టేవాడు, దాంతో ఊపు మధ్యలోనే తెగిపోయి ఫ్రేజియర్ నిటారుగా అయిపోయేవాడు. మళ్లీ వంగి లోపలికి రాబోతే అప్పర్‌కట్ ఎదురొచ్చేది. కిందికి వంగి పైకి లేచేవాడికి అంతకంటే ప్రమాదకరమైన దెబ్బ లేదు.

ఇంకో సంగతి కూడా ఉంది. ఫ్రేజియర్ వేడెక్కడానికి రెండు మూడు రౌండ్లు పట్టేది. 1966లో ఆస్కార్ బొనవేనా రెండో రౌండ్‌లోనే అతడిని రెండుసార్లు పడగొట్టాడు. అక్కడి నుంచి తేరుకుని పది రౌండ్లూ పోరాడి, జడ్జీల మధ్య భేదాభిప్రాయంతోనైనా గెలిచాడు. ఫోర్‌మన్ ఆ తేరుకునే వ్యవధిని ఇవ్వలేదు. పైగా 1971లో సుమారు 205 పౌండ్లున్న ఫ్రేజియర్ కింగ్‌స్టన్‌కు 214 పౌండ్లతో వచ్చాడు. అతడి పద్ధతికి కాళ్ల చురుకే ఆధారం కనుక ఆ తేడాను నేను చిన్నదిగా చూడను.

ప్రశ్న అడిగినవారు

ముగ్గురికీ కృతజ్ఞతలు. ఇప్పుడు మనీలా పోరు కూడా వేరుగా అర్థమవుతోంది. 1975 అక్టోబర్ 1న అలీతో జరిగిన ఆ మూడో పోరు నాటికి ఫ్రేజియర్ ఎడమ కంటికి చాలాకాలంగా శుక్లం వల్ల చూపు మందగించి ఉంది, చివరి రౌండ్లలో కుడి కన్ను కూడా వాచి మూసుకుపోయింది. వచ్చే దెబ్బను చూసి వంగడమే ప్రాణమైన పద్ధతిలో చూపు పోతే ఇక మిగిలేది ఏమీ లేదు. అతడు ఒప్పుకోకపోయినా ఎడ్డీ ఫచ్ పద్నాలుగో రౌండ్ తర్వాత పోరు ఆపించాడు. మొత్తం 37 పోరుల్లో 32 గెలిచి, అందులో 27 నాకౌట్లు సాధించిన ఫ్రేజియర్ ఓడినవి నాలుగే, అవి కూడా అలీ, ఫోర్‌మన్‌ల చేతుల్లో చెరి రెండు. ఈసారి కింగ్‌స్టన్ పోరును ఫోర్‌మన్ చేతులు ఫ్రేజియర్ భుజాల మీద ఎక్కడెక్కడ పడుతున్నాయో గమనిస్తూ చూడబోతున్నాను.