రామేశ్వరంలో ముక్కూమొహం తెలియని తల్లి కట్టబెట్టిన చీర: ఈ ఋణం ఎలా తీర్చుకోవాలి?

ప్రశ్న (బరంపురం నుండి)

అందరికీ నమస్కారం. మాది ఒడిశాలోని గంజాం జిల్లా, బరంపురం. రెండేళ్ళుగా మా ఇంట్లో తేలకుండా ఉండిపోయిన ఒక విషయం మీ ముందుంచుతున్నాను. యాత్రల అనుభవం ఉన్న పెద్దలు సలహా చెప్పగలరని నా ఆశ.

2024 జనవరిలో, సంక్రాంతి వెళ్ళిన వారానికి, మా అమ్మను, తమ్ముణ్ణి వెంటబెట్టుకొని దక్షిణాది యాత్రకు బయలుదేరాను. మధురై చూసుకొని రామేశ్వరం వెళ్ళాము. పాంబన్ పాత వంతెన మీద రైళ్ళు ఆపివేసి అప్పటికే ఏడాది దాటింది, కొత్త వంతెన 2025 ఏప్రిల్‌లో గాని ప్రారంభం కాలేదు కనుక, రామనాథపురంలో బస్సెక్కి రోడ్డు వంతెన మీదుగా తెల్లవారుజామున ద్వీపంలో దిగాము. అమ్మకు అప్పుడు అరవై ఏడేళ్ళు, షుగరు కూడా ఉంది. అయినా దర్శనం అయ్యేవరకు పచ్చి మంచినీళ్ళయినా ముట్టనని పట్టుబట్టింది. అగ్నితీర్థంలో సముద్రస్నానం చేసి, ఆ తడిబట్టలతోనే గుడిలోని ఇరవై రెండు తీర్థాలూ తిరిగాము. ఒక్కొక్క బావి దగ్గర చేదతో తోడి నెత్తిన కుమ్మరిస్తూ ఉంటే, చివరి తీర్థానికి వచ్చేసరికి అమ్మ పెదవులు నీలంగా మారాయి.

పొడిబట్టల సంచి తమ్ముడి దగ్గర ఉంది. వాడు జనంలో తప్పిపోయి దక్షిణం వైపు వెళ్ళాడు, మేమిద్దరం తూర్పు వైపు వచ్చాము. గుడిలోకి సెల్‌ఫోన్లు తీసుకువెళ్ళనివ్వరు కాబట్టి వాడిని పిలిచే దారి లేకపోయింది. గోపురం దాటి నాలుగడుగులు వేసిందో లేదో, అమ్మ కళ్ళు తిరిగి కూలబడిపోయింది. చుట్టూ అంతమంది ఉన్నా నాకు కాళ్ళూ చేతులూ ఆడలేదు.

అక్కడ పూలు కడుతున్న ఒకామె చేతిలోని మాల పక్కన పెట్టి లేచి వచ్చింది. అమ్మ కంటె నాలుగైదేళ్ళు చిన్నది కావచ్చు. మాకు తమిళం రాదు, ఆమెకు తెలుగు రాదు. చెరొక రెక్కా పట్టుకొని పక్క సందులోని తన ఇంటికి నడిపించాము. ఒకే ఒక గది. దండెం మీద ఆరవేసిన ఆకుపచ్చ నూలు చీర తీసి, నన్ను గుమ్మం అవతల నిలబడమని సైగ చేసి, అమ్మకు తానే కట్టింది. తరువాత తాటిబెల్లం వేసిన శొంఠి కాఫీ కాచి ఇత్తడి గ్లాసులో తెచ్చి, కొంచెం కొంచెంగా తన చేత్తోనే తాగించింది. అరగంటకు అమ్మ ముఖంలోకి రక్తం వచ్చింది. అంతసేపూ ఆమె అంగడి దగ్గర ఎవరూ లేరు, పొద్దుటి బేరమంతా అలాగే పోయి ఉంటుంది.

తమ్ముడు దొరికాక, ఆమెకు ఐదువందల రూపాయలు ఇవ్వబోయాడు. ఆమె చేయి వెనక్కి తీసుకుంది. బలవంతం చేస్తే ముఖం చిన్నబుచ్చుకుంది, మాట్లాడకుండా రెండు మూరల మల్లెపూలు తెంపి అమ్మ తలలో తురిమింది. ఆ తొందరలో చీర మార్చుకోవడం గాని, ఆమె పేరూ ఊరూ అడగడం గాని మాకు తోచలేదు, అలాగే బస్సెక్కేశాము.

ఇంటికి వచ్చాక ఆ చీర ఉతుకుతుంటే, కొంగు చివర తెల్లదారంతో కుట్టిన చిరుగు, ఆ కుట్టులో చిక్కుకున్న అరటినార పోగు కనిపించాయి. ఆ నారతోనే ఆమె పూలు కడుతుంది. అమ్మ ఆ పోగును తీయనివ్వలేదు. చీర మడతపెట్టి బీరువాలో దాచింది. ఆమెకు ఉన్న నాలుగు చీరల్లో ఇది ఒకటేమో అని అమ్మ అనుకోని పండుగ లేదు.

ఈ చీర తిరిగి ఇవ్వడం మర్యాదా, అమర్యాదా? డబ్బు పుచ్చుకోని మనిషికి ఏమిస్తే నొచ్చుకోకుండా ఉంటుంది? అసలు ఆమెను వెతికి పట్టుకోవడం ఎలా?

జవాబు 1 (పర్లాకిమిడి నుండి, విశ్రాంత ఉపాధ్యాయురాలు)

అమ్మా, మీ ఉత్తరం రెండుసార్లు చదివాను. మొదటి ప్రశ్నకు నాకు ఏ సందేహమూ లేదు, ఆ చీర తిరిగి ఇవ్వకండి. ఒంటిమీద కట్టబెట్టిన బట్టను ఉతికి మడతపెట్టి వెనక్కి ఇస్తే, నీతో నాకు సంబంధం వద్దని చెప్పినట్టవుతుంది. మన గజపతి, గంజాం జిల్లాల తెలుగు ఇళ్ళలో ఇది తప్పే, అక్కడ కూడా తప్పేనని నేను అనుకుంటున్నాను. మీ అమ్మగారు దానిని కట్టుకోవాలి. బీరువాలో దాచడం కంటె అదే మేలు.

ఇక ఏమివ్వాలన్నది. చాలా ఏళ్ళ క్రితం నేనూ మావారూ పుష్య బహుళ పంచమికి తిరువయ్యారు వెళ్ళాము. త్యాగరాజస్వామి 1847లో సమాధి చెందిన ఆ కావేరి ఒడ్డున ఏటా జరిగే ఆరాధన చూడాలన్నది మావారి చిరకాల కోరిక. బస ముందుగా చూసుకోకపోవడం మా పొరపాటు. ఊరంతా తిరిగినా తలదాచుకునే చోటు దొరకలేదు. పందిట్లో నా పక్కన కూర్చున్న ఒక పెద్దాయన చేతిలో తమిళ లిపిలో రాసుకున్న కీర్తనల పుస్తకం ఉంది. కళ్ళు మూసుకొని ప్రతి తెలుగు మాటా తప్పు లేకుండా పాడుతున్నారు. పాట ముగిశాక ఒక మాట మీద వేలు పెట్టి, దీని అర్థమేమిటని వచ్చీరాని ఇంగ్లీషులో అడిగారు. యాభై ఏళ్ళుగా పాడుతున్నారట, ఆ మాట అర్థం ఆయనకు ఎవరూ చెప్పలేదట. మేము తెలుగువాళ్ళమని తెలియగానే మమ్మల్ని వాళ్ళ ఇంటికి తీసుకువెళ్ళి, రెండు రాత్రులు కన్నబిడ్డల్లా చూసుకున్నారు.

డబ్బు మాట మేము ఎత్తలేకపోయాము. బయలుదేరే ముందు, మీకేమైనా పంపాలని ఉంది, ఏం పంపమంటారని సూటిగానే అడిగాను. తన పుస్తకంలోని కీర్తనలకు మాటమాటకూ అర్థం రాసి పంపమన్నారు. ఇంటికి వచ్చాక వారానికి ఒక కీర్తన చొప్పున ఇంగ్లీషులో రాసి, ఇన్‌ల్యాండు లెటర్లలో పంపుతూ వచ్చాను. మూడేళ్ళు పట్టింది. నా ఉద్యోగ జీవితంలో చెప్పిన ఏ పాఠమూ అంత శ్రద్ధగా చెప్పలేదు.

మీది బరంపురం గదా. ఫోడాకుంభ అనే గుడి గోపురం ఆకారపు అంచు నేసే పట్టు మీ ఊరిదే, ఆ మగ్గాల మీద కూర్చున్న దేరా కుటుంబాలవాళ్ళు మన తెలుగువాళ్ళే. మీ అమ్మగారు తానే వెళ్ళి ఎంచిన పట్టుచీర, పసుపు కుంకుమలతో ఇస్తే, అది ఆ నూలుచీరకు ఖరీదు కట్టినట్టు ఉండదు. గుళ్ళ దగ్గర పూల అంగళ్ళు తరచు ఒకే కుటుంబం చేతిలో ఏళ్ళ తరబడి ఉంటాయి. తూర్పు గోపురం దగ్గర అడిగితే ఆమె దొరకకపోదు.

జవాబు 2 (రాయగడ నుండి, టూరిస్టు వాహనం నడుపుతాను)

టీచరమ్మగారి మాట నాకు నచ్చింది గాని, ఒక విషయంలో జాగ్రత్తపడాలని చెప్పదలచుకున్నాను. పదిహేనేళ్ళుగా ఏటా మాలధారులను శబరిమలకు తీసుకువెళుతున్నాను, ఆ దారిలోనే మధురై, కన్యాకుమారి కూడా చూపించుకొస్తాను. యాత్రికులు ఇంటికి వచ్చి, అక్కడివాళ్ళు ఎంత మంచివాళ్ళో, పైసా తీసుకోలేదని మురిసిపోతుంటారు. ఎవరు ఏ పని చేసి పైసా తీసుకోలేదో అది కూడా చూడాలి.

ఒకసారి కోవిల్‌పట్టి దాటాక రాత్రి పదకొండు గంటలకు మా బండి ముందు చక్రం బేరింగు పోయింది. దగ్గరలోని షెడ్డు మూసి ఉంటే, వెనుక ఇంటి తలుపు తట్టాము. తలుపు తీసిన మెకానిక్కు మేము మాలో మేము మాట్లాడుకోవడం విని, “ఏమాయె? ఎక్కడినించి వచ్చినారు?” అన్నాడు. వాళ్ళది తరతరాలుగా అక్కడే స్థిరపడిన తెలుగు కుటుంబమట. మాట తెలుగే, చదవడం రాయడం మాత్రం తమిళం. మా పిల్లలు కూడా ఇంట్లో తెలుగు మాట్లాడి, బడిలో ఒడియా రాస్తారని చెబితే, ఆయన నవ్వి నా భుజం తట్టాడు. అర్ధరాత్రి ఎవరినో నిద్ర లేపి బేరింగు తెప్పించి, నేలమీద పడుకొని రెండు గంటలు పనిచేశాడు. బేరింగు ఖరీదు పుచ్చుకొని, మనవాళ్ళ దగ్గర కూలి తీసుకోనన్నాడు.

నేను ఒప్పుకోలేదు. అది ఆయన కుటుంబం తినే కూడు. దానిని ఎగ్గొట్టి, ఆయన మంచితనమని పేరు పెట్టుకొని ఇంటికి రావడం నాకు చేతకాదు. నేనూ బండి కింద దూరే మనిషినేనని, కూలి తీసుకోకపోతే మళ్ళీ ఈ గుమ్మం తొక్కలేనని చెప్పి చేతిలో పెట్టాను. తీసుకున్నాడు. అయితే ఆ రెండు గంటలూ ఆయన భార్య పొయ్యి వెలిగించి మా ఏడుగురికీ దోసెలు పోసి పెట్టింది. దానికి మాత్రం నేను జేబులో చేయి పెట్టలేదు, పెట్టి ఉంటే ఆమె నొచ్చుకునేది. మీ తమ్ముడి విషయంలో జరిగింది కూడా అదే అనుకుంటాను. కాఫీకి, కట్టబెట్టిన చీరకు డబ్బిస్తే ఎవరికైనా మనసు కష్టమవుతుంది. కాని ఆమె పూలబేరం పోయింది గదా, ఆ బుట్టలో పూలన్నీ కొనుక్కొని ఉంటే ఆమె సంతోషంగా డబ్బు పుచ్చుకొనేది. మళ్ళీ వెళ్ళినప్పుడు అలా చేయండి.

అప్పటి నుండి ప్రతి ఏడాదీ కంధమాల్ పసుపు రెండు కిలోలు ఆ ఇంటికి తీసుకువెళతాను. మా పిల్లలకని వాళ్ళు కోవిల్‌పట్టి పల్లీపట్టీ డబ్బా ఇస్తారు. ఆ ఊరు దానికి పేరుపడింది.

జవాబు 3 (గుణుపురం నుండి)

ఒక్క మాట చెప్పి ముగిస్తాను. దయచేసి ఆమెను వెతకడానికి ఫోటోలు, ఇంటి గుర్తులు అంతర్జాలంలో పెట్టకండి. కేరళలో దారి తప్పినప్పుడు మమ్మల్ని ఇంటికి పిలిచి వానలో నుంచి కాపాడిన ఒక కుటుంబం ఫోటోను మా బంధువు ఒకరు కృతజ్ఞతతోనే అందరికీ పంపారు. అది చేతులు మారి, మేము ఎన్నడూ చూడని మనుషులు ఆ ఇంటి ఆడపిల్ల గురించి నానా మాటలు రాశారు. వాళ్ళు మమ్మల్ని ఒక్క మాట అనలేదు, కాని ఆ తరువాత మా ఫోను ఎత్తలేదు. ఆ బాధ నాకింకా పోలేదు. మీరు స్వయంగా వెళ్ళి వెతకండి.

ప్రశ్న అడిగినవారు (బరంపురం నుండి)

ముగ్గురికీ చేతులెత్తి నమస్కరిస్తున్నాను. మీ జవాబులన్నీ అమ్మకు చదివి వినిపించాను. పూలబుట్ట సంగతి రాగానే, ఆ పూట నాకెందుకు తోచలేదని నా మీద కోప్పడింది. సాయంత్రానికి బీరువా తెరిచి ఆ ఆకుపచ్చ చీర కట్టుకుంది. మర్నాడు తనకు తెలిసిన నేతగాడి ఇంటికి వెళ్ళి, చిలకాకుపచ్చకు ఎర్ర అంచు ఉన్న పట్టుచీర ఎంచుకొని వచ్చింది. ఇప్పుడు రైలు రామేశ్వరం వరకూ వెళుతోంది కాబట్టి, మాఘమాసంలో బయలుదేరుతున్నాము. ఫోటోలు ఏమీ తీయము.

అమ్మకు ఒకటే దిగులు. ఇది నీ చీరకు బదులు కాదు, అక్క పెట్టిందనుకో అని ఆమెకు ఎలా చెప్పాలి? ఎవరైనా తమిళంలో రాసి పెట్టగలరా?

జవాబు (పర్లాకిమిడి నుండి)

“అక్కా కుడుత్తదా నెనచ్చుక్కమ్మా” అనమనండి. మొదటి సగం అవసరం లేదు. మిగతాది మరచిపోతే అక్క అన్న ఒక్క మాట చాలు, అది వాళ్ళకూ అక్కే.