జీపీఏ 3.04తో మెడిసిన్: వచ్చిన కరీబియన్ సీటు తీసుకోవాలా, రెండేళ్లు ఆగాలా?

ఫ్రిస్కో_అమ్మ

అందరికీ నమస్కారమండీ. పది రోజుల్లో తేల్చుకోవాల్సిన విషయం, అందుకే రాస్తున్నాను. మా అబ్బాయికి 22 ఏళ్లు, ఇక్కడ టెక్సాస్‌లోనే పుట్టాడు. మొన్న 2025 మేలో బయాలజీ డిగ్రీ అయింది. జీపీఏ 4కి 3.04. సైన్స్ సబ్జెక్టులే లెక్కేస్తే 2.81. మొదటి రెండేళ్లు బాగా దెబ్బతిన్నాడు, ఆర్గానిక్ కెమిస్ట్రీలో సీ మైనస్. ఆఖరి ఏడాది మాత్రం 3.5 తెచ్చుకున్నాడు. మెడికల్ కాలేజీల ప్రవేశ పరీక్ష ఎంక్యాట్ ఇంకా రాయలేదు.

ఏడాదిన్నరగా ఎమర్జెన్సీ రూములో స్క్రైబ్‌గా (డాక్టరు చెప్పేవి రాసిపెట్టే పని) నైట్ డ్యూటీ చేస్తున్నాడు. పొద్దున ఏడింటికి ఇంటికొచ్చి, షూ కూడా విప్పకుండా గుమ్మంలో నిలబడే రాత్రి వచ్చిన కేసుల గురించి చెబుతుంటాడు. డాక్టర్ కావాలన్నది వాడి కోరికే, మేం రుద్దింది కాదు.

కరీబియన్‌లో ఒక కాలేజీ ఎంక్యాట్ అడక్కుండానే జనవరి బ్యాచ్‌లో సీటిచ్చింది. డిపాజిట్ కట్టాలి. మా ఆయన "చేతికొచ్చిన సీటు వదులుకుంటామా" అంటున్నారు. నాకు నిద్ర పట్టడం లేదు. మీరేమంటారు?

ఎడిసన్_నాన్న

అమ్మా, మీ ఆయన చెప్పిందే సరైనది. ఎండీ (ఇక్కడి మామూలు డాక్టరు డిగ్రీ) కాలేజీల్లో చేరినవాళ్ల సగటు జీపీఏ 3.7 పైన, ఎంక్యాట్ 511 దాటి ఉంటోంది. 3.04తో ఎవరు పిలుస్తారు? ఇంకో సంగతి. 2026 జూలై 1 నుంచి కొత్తగా అప్పు తీసుకునేవాళ్లకి గ్రాడ్ ప్లస్ అనే ఫెడరల్ లోన్ ఉండదు. మెడిసిన్‌కి ఫెడరల్ లోన్ ఏడాదికి 50 వేల డాలర్లు, మొత్తం మీద 2 లక్షలు, అంతే. రెండేళ్లు ఆగితే ఆ ఇబ్బంది మీ నెత్తినే పడుతుంది.

మా అన్నయ్య కూతురు ఇలాగే దీవులకి వెళ్లి ఇప్పుడు ఫ్యామిలీ మెడిసిన్ రెసిడెన్సీ (డిగ్రీ తర్వాత ఆసుపత్రి శిక్షణ) చేస్తోంది. తన దగ్గరికొచ్చే పేషెంట్లెవరూ డిగ్రీలో నీ గ్రేడ్లెంత అని అడగరు. మరీ ఇష్టం లేకపోతే డీఓ (ఆస్టియోపతిక్ మెడిసిన్, అదీ డాక్టరు డిగ్రీయే) చూడండి. అక్కడ సీ వచ్చిన కోర్సు మళ్లీ చదివితే పాత గ్రేడు పోతుంది.

శాన్_ఆంటోనియో_డీఓ

ముందు ఆ చివరి మాట సరిచేయాలి అంకుల్. డీఓ దరఖాస్తులో పాత గ్రేడు తీసేసే పద్ధతి 2017లోనే ఎత్తేశారు. నాకు బాగా గుర్తు. 2015లో 2.9తో డిగ్రీ పూర్తి చేసి, ఆ రూలు నమ్ముకుని నాలుగు కోర్సులు మళ్లీ చదివాను. దరఖాస్తు పెట్టేసరికి రూలే లేదు. ఇప్పుడు ఎండీకైనా, డీఓకైనా, టెక్సాస్ ప్రభుత్వ కాలేజీలకైనా ఒకే కోర్సు ఎన్నిసార్లు చదివితే అన్నీ లెక్కలోకొస్తాయి.

అక్కా, మీ అబ్బాయి లెక్క ఒకసారి వేసి చూశాను. 120 క్రెడిట్లకి 3.04 అనుకుంటే, ఇంకో 30 క్రెడిట్లు చదివి అన్నిట్లో ‘ఏ’ గ్రేడు తెచ్చుకున్నా మొత్తం 3.23 దగ్గరే ఆగుతుంది. సైన్స్ 60 క్రెడిట్లయితే 2.81 కాస్తా 3.21 అవుతుంది. ఇంతేనా అనిపిస్తుంది, నాకూ అలాగే అనిపించి మూడు రోజులు తిండి సహించలేదు. కానీ దరఖాస్తులో ఈ ఒక్క అంకే ఉండదు. ఎండీ వాళ్లకి వెళ్లే కాగితంలో మొదటి ఏడాది, రెండో ఏడాది అంటూ వరుసగా గ్రేడ్లుంటాయి, డిగ్రీ తర్వాత చదివిన వాటికి పోస్ట్ బ్యాక్ అని వేరే వరుస ఉంటుంది. కింద ఆ వరుసలో బయోకెమిస్ట్రీ, ఫిజియాలజీ, సెల్ బయాలజీ అన్నిట్లో ‘ఏ’ గ్రేడులు కనబడితే పైనున్న సీ మైనస్‌ని వేరే కళ్లతో చదువుతారు. పోయినచోటే వెతుక్కోవాలంటారే, ఇక్కడ అక్షరాలా అంతే. దాని మీద మంచి ఎంక్యాట్ ఉండాలి. 528కి మధ్య స్కోరు 500, ఇలాంటి గ్రేడ్లున్నవాళ్లు దానికి చాలా పైనే ఉండాలి.

నేను రెండేళ్లు పోస్ట్ బ్యాక్ చదివాను, తర్వాత ఒక ఏడాది స్పెషల్ మాస్టర్స్ చేశాను. 2019లో డీఓ కాలేజీలో చేరాను. ఇప్పుడు ఇంటర్నల్ మెడిసిన్ రెసిడెన్సీ మూడో ఏడాది. మాస్టర్స్ గురించి ఒక హెచ్చరిక: మెడికల్ విద్యార్థులు చదివే కోర్సులే అందులో చదివిస్తారు, అక్కడ బీలు వస్తే ఇక చూపించడానికి ఏమీ మిగలదు. కాబట్టి ముందు పోస్ట్ బ్యాక్, అది చాలకపోతేనే మాస్టర్స్.

ఇక కరీబియన్. 2024 మ్యాచ్‌లో (రెసిడెన్సీ సీట్ల కేటాయింపు) ఎండీ సీనియర్లలో 93.5 శాతానికి, డీఓ సీనియర్లలో 92.3 శాతానికి రెసిడెన్సీ దొరికింది. విదేశాల్లో చదివిన అమెరికన్ పౌరుల్లో 67 శాతానికే. ఆ 67 కూడా మ్యాచ్ దాకా వచ్చినవాళ్ల లెక్క. మొదటి రెండేళ్లలో ఆగిపోయినవాళ్లు అందులో లేరు. ఒకప్పుడు డాక్టరు లైసెన్సు పరీక్షల్లో మొదటిదైన స్టెప్ 1లో 250 కొట్టి, నేను దీవుల్లో చదివినా తక్కువేం కాదని చూపించుకునేవారు. 2022 జనవరి నుంచి స్టెప్ 1 పాస్ ఫెయిల్ మాత్రమే, ఆ అవకాశం కూడా పోయింది.

మీ అబ్బాయికి ఎంక్యాట్ అడక్కుండా సీటిచ్చిన కాలేజీ మీద నాకు నమ్మకం లేదు. వాడు ఎంత నేర్చుకున్నాడో చూడకుండానే డబ్బు తీసుకుంటున్నారు. డిపాజిట్ కట్టకండి అక్కా.

గుంటూరు_మెడికో

నేను గుంటూరులో ఎంబీబీఎస్ చదివి, ఇక్కడ చాలా ఏళ్లు ప్రాక్టీస్ చేసి రిటైరయ్యాను. రెసిడెంట్లకి పాఠాలు చెప్పాను. అందరూ ధైర్యం చెబుతున్నారు కాబట్టి రెండో వైపు నేను చెబుతాను. ఏడాది పాటు బాగా చదవడం వేరు, పదేళ్లు ఆ వేగంతో చదవడం వేరు. డిగ్రీలో తడబడ్డ పిల్లలు బోర్డు పరీక్షలో రెండుసార్లు ఫెయిలై, తలుపు వేసుకుని కూర్చోవడం నా కళ్లతో చూశాను. అప్పటికి రెండు లక్షల డాలర్ల అప్పు. ఆ బిడ్డని 22 ఏళ్లప్పుడే "ఇంకో దారి చూసుకో నాన్నా" అని ఆపి ఉంటే బాగుండేదనిపించింది. పీఏ (ఫిజీషియన్ అసిస్టెంట్) ఉంది, నర్సింగ్ ఉంది. అవీ పేషెంటు పక్కన నిలబడే పనులే.

శాన్_ఆంటోనియో_డీఓ

సార్, మీరు చూసినవాళ్లని నేనూ చూశాను. మా బ్యాచ్‌లో ఇద్దరు మధ్యలో వెళ్లిపోయారు. కానీ పీఏ అంటే తేలిక అనుకోవద్దు సార్, అక్కడా జీపీఏ గట్టిగానే అడుగుతారు. అందుకే ఒక ఏడాది పోస్ట్ బ్యాక్ అంటున్నాను. వాడికి ఆ వేగం ఉందో లేదో కొన్ని వేల డాలర్లతో తేలిపోతుంది. లేదని తేలితే ఆగిపోవచ్చు. దీవుల్లో అదే విషయం తేలడానికి లక్షలు పెట్టాలి.

మొదటి రెండేళ్లు నా గ్రేడ్లు ఎందుకు పోయాయో చెబుతాను. నాన్నకి డయాలసిస్. వారానికి మూడు రోజులు నేనే తీసుకెళ్లేదాన్ని. ఆ కుర్చీ పక్కన కూర్చుని కెమిస్ట్రీ చదవబోతే మెషీన్ అలారం మోగేది, పుస్తకం మూసేదాన్ని. ట్రాన్‌స్క్రిప్ట్‌లో అది కనబడదు, సీ మాత్రమే కనబడుతుంది.

హెచ్4_అక్క

పక్కదారి పట్టిస్తున్నందుకు క్షమించండి, కానీ ఇది చదివే చాలామందికి అవసరం. మీ పిల్లలు సిటిజన్లో గ్రీన్ కార్డు ఉన్నవాళ్లో కాకపోతే ఈ లెక్కలేవీ వర్తించవు. 21 నిండితే హెచ్4 (హెచ్1బీ వాళ్ల కుటుంబ వీసా) పోతుంది. ఎఫ్1 (స్టూడెంట్ వీసా) మీద ఉన్నవాళ్లని చాలా మెడికల్ కాలేజీలు తీసుకోవు, ఫెడరల్ లోన్ అసలే రాదు. మా అమ్మాయికి 3.9 ఉన్నా సగానికి పైగా కాలేజీలు జాబితాలోంచి ముందే కొట్టేశాం.

ఎడిసన్_నాన్న

గ్రేడ్ల సంగతి తప్పు చెప్పాను, నాకు తెలిసింది పాత రూలు. లోన్ మాట మీద మాత్రం ఇప్పటికీ నిలబడతాను. రెండేళ్ల తర్వాత డబ్బెక్కడిది?

శాన్_ఆంటోనియో_డీఓ

ఆ భయం న్యాయమైనదే అంకుల్. అయితే ఆ కాలేజీకి అసలు ఫెడరల్ లోన్ వస్తుందా అన్నది ముందు అడగాలి. చిన్న దీవి కాలేజీలు చాలావాటికి రాదు. పైగా అక్క వాళ్లు టెక్సాస్ నివాసులు. ఇక్కడి ప్రభుత్వ మెడికల్ కాలేజీలు కనీసం 90 శాతం సీట్లు రాష్ట్రం వాళ్లకే ఇవ్వాలి. ఫీజు కూడా బయటి ప్రైవేటు కాలేజీలతో పోలిస్తే చాలా తక్కువ, ఆ 2 లక్షల్లో సర్దుకోవచ్చు.

ఫ్రిస్కో_అమ్మ

అందరికీ పేరుపేరునా దండాలు. నిన్న రాత్రి ముగ్గురం డైనింగ్ టేబుల్ దగ్గర కూర్చుని ఇదంతా చదివాం. ఆ కాలేజీకి ఫోన్ చేసి ఫెడరల్ లోన్ వస్తుందా అని అడిగితే, ప్రైవేటు బ్యాంకుల జాబితా పంపారు. మా ఆయన ఆ కాగితం చూసి ఏమీ అనకుండా మడిచి పక్కన పెట్టేశారు. డిపాజిట్ కట్టడం లేదు. అబ్బాయి జనవరిలో స్టేట్ యూనివర్సిటీలో బయోకెమిస్ట్రీ, ఫిజియాలజీ తీసుకుంటున్నాడు. నైట్ డ్యూటీలు వారానికి రెండుకి తగ్గించుకుంటానన్నాడు.

ఒక్క ప్రశ్న మిగిలింది తల్లీ. ఎంక్యాట్ మార్చిలో రాసేయమంటావా, ఆగమంటావా?

శాన్_ఆంటోనియో_డీఓ

ఆగమనండి అక్కా. బయోకెమిస్ట్రీ పూర్తయ్యాకే రాయాలి, పరీక్షలో దాని నుంచి చాలా ప్రశ్నలు వస్తాయి. ఏడాదికి మూడుసార్లు, జీవితంలో ఏడుసార్లు రాయొచ్చు గానీ రాసిన ప్రతి స్కోరూ కాలేజీలకి కనబడుతుంది. ప్రాక్టీస్ పరీక్షల్లో వరుసగా మూడుసార్లు అనుకున్న స్కోరు వచ్చాకే డేట్ తీసుకోమనండి.