బ్యాంకు పేరుతో వచ్చే ఫోన్లలో మన కార్డు అంకెలు సరిగ్గా చెబుతున్నారు. దీన్ని ఎలా అర్థం చేసుకోవాలి?

మధ్యాహ్నపువెలుగు అడిగిన ప్రశ్న:

అందరికీ నమస్కారం. మా నాన్నగారు ఉద్యోగ విరమణ తరువాత క్రెడిట్ కార్డును ఎక్కువగా ఆన్‌లైన్ కొనుగోళ్లకే వాడుతున్నారు. ఈమధ్య ఆయనకు బ్యాంకు మోస నివారణ విభాగం నుంచి మాట్లాడుతున్నామంటూ ఒక ఫోన్ వచ్చింది. అవతలి వ్యక్తి ఆయన పూర్తి పేరు, కార్డులోని మొదటి ఆరు అంకెలు, చివరి నాలుగు అంకెలు తడుముకోకుండా చెప్పి, మీ కార్డు మీద ఎవరో పెద్ద మొత్తానికి కొనుగోలు చేస్తున్నారనీ, దాన్ని రద్దు చేయడానికి ఫోనుకు వచ్చిన ఓటీపీని చదివి వినిపించాలనీ అడిగాడు. నాన్నగారికి అనుమానం వచ్చి ఫోన్ పెట్టేశారు కాబట్టి నష్టమేమీ జరగలేదు.

అయితే ఆయనకు రెండు సందేహాలు మిగిలిపోయాయి. అంకెలు అంత కచ్చితంగా చెప్పాడంటే కార్డు వివరాలు బయటికి పొక్కినట్టేనా, కార్డు మార్చుకోవాలా అనేది మొదటిది. రేపు నిజంగానే బ్యాంకు వారు ఫోన్ చేస్తే వారిని ఎలా గుర్తుపట్టాలనేది రెండవది. ఓటీపీ ఎవరికీ చెప్పవద్దని నేను ఎప్పుడూ చెబుతూనే ఉంటాను. కానీ మోసగాళ్లు ఒకసారి పార్సిల్ అనీ, మరోసారి రీఫండ్ అనీ కొత్త కథతో వస్తున్నప్పుడు ఆ ఒక్క సూత్రం ఎలా సరిపోతుందని ఆయన అడుగుతున్నారు. చేయకూడని పనుల జాబితా కాకుండా, ఈ మోసాలు లోపల ఎలా పనిచేస్తాయో తెలిసినవారు వివరిస్తే ఆయనకు చదివి వినిపిస్తాను.

పాతలెడ్జరు సమాధానం:

నేను చాలాకాలం కార్డు వివాదాలు పరిశీలించే విభాగంలో పనిచేశాను కనుక మొదటి సందేహానికి కాస్త వివరంగానే సమాధానం చెబుతాను. కార్డు మీద ఉన్న అంకెల వరుసకు ఒక క్రమం ఉంటుంది. వీసా కార్డులన్నీ 4తో మొదలవుతాయి, మాస్టర్‌కార్డువి 5తో గాని 2తో గాని మొదలవుతాయి. మొదటి 6 అంకెలు, కొత్త పద్ధతిలోనైతే మొదటి 8 అంకెలు, కార్డు ఇచ్చిన సంస్థ ఏదో తెలియజేస్తాయి. అంటే మీ నాన్నగారి బ్యాంకులో అదే రకం కార్డు తీసుకున్న ఎంతోమందికి ఆ ఆరు అంకెలూ ఒక్కటే. వాటిని తడుముకోకుండా చెప్పడంలో గొప్పేమీ లేదు, వినేవారికి ఆ సంగతి తెలియకపోవడమే అతని బలం. ఇక చివరి 4 అంకెలు కొనుగోలు రసీదుల మీదా ఆర్డరు ఈమెయిళ్లలోనూ కనిపిస్తూనే ఉంటాయి. ఏదో ఒక దుకాణపు ఖాతాదారుల వివరాలు చోరీకి గురైతే పేరు, ఫోన్ నంబరు, ఈ నాలుగు అంకెలు కలిసే బయటపడతాయి.

పదహారు అంకెల కార్డులో అప్పటికి తెలియనివి 6 అంకెలు. వాటిని పది లక్షల రకాలుగా పేర్చవచ్చు గాని, కార్డు నంబరులో చివరిది తనిఖీ అంకె. ఐబీఎంలో పనిచేసిన హాన్స్ పీటర్ లూన్ 1950లలో రూపొందించిన ఒక చిన్న లెక్కకు మొత్తం నంబరు సరిపోవాలి కనుక ఆ పది లక్షలలో లక్ష మాత్రమే నిలుస్తాయి. మనిషికి అది పెద్ద సంఖ్యే గాని కంప్యూటరుకు కాదు. అందుకే దొంగలు భద్రత సరిగా లేని వెబ్‌సైట్లలో నంబర్లను వరుసగా ప్రయత్నించి, ఏది పనిచేస్తుందో చూడటానికి అతి చిన్న మొత్తాలు వసూలు చేస్తారు. మీ నాన్నగారి స్టేట్‌మెంటులో గుర్తులేని చిన్న లావాదేవీ ఒక్కటి కనిపించినా కార్డు మార్చించండి. అటువంటిదేమీ లేకపోతే, ఆ పది అంకెలు చెప్పినంత మాత్రాన కంగారు పడనవసరం లేదు గాని, చెల్లింపుకు ఓటీపీ కూడా నిజంగా వచ్చి ఉంటే పూర్తి కార్డు వివరాలు అతని దగ్గర ఉన్నట్టే, అప్పుడు కార్డు మార్చించాలని నా అభిప్రాయం.

మరి ఓటీపీ ఎందుకు అడిగాడు? పూర్వం కార్డు వెనుక ఉన్న నల్లని అయస్కాంతపు పట్టీని నకలు చేసి దొంగ కార్డులు తయారుచేసేవారు. చిప్ వచ్చాక ప్రతి లావాదేవీకి కార్డు లోపలే ఒక కొత్త కోడ్ పుడుతుంది, అది మరో లావాదేవీకి పనికిరాదు, కనుక నకలు తీయడం దాదాపు అసాధ్యమైంది. దానితో దొంగతనం కార్డు చేతిలో లేకుండా జరిగే చెల్లింపుల వైపు మళ్లింది. అక్కడా ఓటీపీ అడ్డం వచ్చేసరికి ఇక మిగిలిన దారి కార్డు యజమానిని మాటల్లో పెట్టడం ఒక్కటే. ఫోన్ చేసిన వ్యక్తి ఆ క్షణంలో ఏదో వెబ్‌సైటులో చెల్లింపు పేజీ తెరిచి పెట్టుకుని కూర్చుని ఉంటాడు. ఓటీపీ వచ్చిన మెసేజిని నాన్నగారు తొలగించి ఉండకపోతే ఒకసారి చివరి వరకు చదవమనండి. ఎంత మొత్తం, ఏ వ్యాపారికి అనేది చాలా బ్యాంకులు అందులోనే రాస్తాయి. రద్దు చేయడానికని అతను చెప్పిన కోడ్ నిజానికి చెల్లింపును ఆమోదించడానికి వచ్చినదని ఆ ఒక్క వాక్యంలో తెలిసిపోతుంది. మోసగాళ్లు హడావుడి పెట్టేది ఆ వాక్యం చదివే తీరిక మనకు ఇవ్వకూడదనే.

రెండవ సందేహానికి నా సమాధానం మీకు వింతగా అనిపించవచ్చు. నిజమైన బ్యాంకు ఫోన్‌ను గుర్తుపట్టే ప్రయత్నమే మానేయమనండి. గొంతును బట్టి, భాషను బట్టి, అతనికి తెలిసిన వివరాలను బట్టి తేల్చుకోవాలని చూసినంత కాలం ఆట అతని చేతిలోనే ఉంటుంది. ఎవరు ఫోన్ చేసినా మర్యాదగా పెట్టేసి, కార్డు వెనుక అచ్చయిన నంబరుకు మనమే చేయాలి. అవతలివారు నిజంగా బ్యాంకు ఉద్యోగులే అయితే అందుకు అభ్యంతరం చెప్పరు. ఆపద్దు, పెట్టేయవద్దు, లైనులోనే ఉండండి అని పట్టుబట్టేవాడితో ఇక తేల్చుకోవలసింది ఏమీ ఉండదు.

నిశిత సమాధానం:

పాతలెడ్జరు గారు చెప్పినదానితో ఏకీభవిస్తూనే, ఆ పద్ధతి ఎక్కడ తప్పిపోతుందో చెప్పాలి. చాలామంది ఫోన్ పెట్టేశాక కార్డు కోసం వెతకరు, బ్యాంకు పేరు టైపు చేసి ఇంటర్నెట్‌లో నంబరు వెతుకుతారు. శోధన ఫలితాలలోనూ మ్యాపులలోనూ దొంగ హెల్ప్‌లైన్ నంబర్లు పెట్టేవారు సరిగ్గా ఆ తొందర కోసమే కాచుకుని ఉంటారు. మనమే ఫోన్ చేశామన్న ధైర్యంతో మాట్లాడతాం కాబట్టి అక్కడ ఇంకా తేలికగా మోసపోతాం. అందుచేత నాన్నగారి ఫోనులో బ్యాంకు నంబరును కార్డు మీద చూసి ఈరోజే భద్రపరచండి. ల్యాండ్‌లైన్ వాడేవారైతే తిరిగి ఫోన్ చేయడానికి వేరే ఫోన్ వాడటం మంచిది, ఎందుకంటే కొన్ని పాత వ్యవస్థలలో ఫోన్ చేసినవారు పెట్టేవరకు లైను తెగదు. మనం ఏ నంబరు తిప్పినా అవతల ఉండేది ఆ మోసగాడే.

ఇంకొక విషయం. వచ్చే ఫోన్ నంబరును గాని, మెసేజి పంపిన పేరును గాని నమ్మడానికి లేదు. రెంటినీ నకిలీగా చూపించవచ్చు. పైగా మెసేజిలను ఫోన్ పంపినవారి పేరును బట్టి కలిపి చూపిస్తుంది కనుక, బ్యాంకు పేరు పెట్టుకుని పంపిన దొంగ మెసేజి అంతకుముందు బ్యాంకు నిజంగా పంపిన మెసేజిల వరుసలోనే వచ్చి కూర్చుంటుంది. పైన ఉన్నవన్నీ అసలైనవే కదా అని కిందిదాన్ని నమ్మేస్తాం. మెసేజిలో లింకు ఉంటే దాన్ని నొక్కకుండా బ్యాంకు యాప్‌ను విడిగా తెరిచి చూడటమే క్షేమం.

తిరిగి ఫోన్ చేస్తే చాలాసేపు వేచి ఉండవలసి వస్తుందనీ, అలసటలో మనిషి ఏదో ఒకనాడు జారిపోతాడనీ నాకు అనిపిస్తుంది. కనుక జారినా నష్టం తక్కువగా ఉండే ఏర్పాటు కూడా ఉండాలి. చాలా బ్యాంకుల యాప్‌లలో ఆన్‌లైన్ చెల్లింపులకు పరిమితి పెట్టుకోవచ్చు, విదేశీ లావాదేవీలను ఆపివేయవచ్చు, ఎంత చిన్న మొత్తానికైనా మెసేజి వచ్చేలా చేసుకోవచ్చు. ఆన్‌లైన్ కొనుగోళ్లకు ఒకే కార్డును, తక్కువ పరిమితితో, వేరుగా ఉంచడం నేను అందరికీ సూచిస్తాను.

కంచెబయట సమాధానం:

ఫోన్ల గురించి పైవారు చెప్పారు కనుక నేను వెబ్‌సైట్ల గురించి మాత్రమే రాస్తాను. అడ్రసు పక్కన తాళం గుర్తు ఉంటే సురక్షితమని ఇప్పటికీ చాలామంది చెబుతారు. ఆ సలహాకు కాలం చెల్లింది. తాళం గుర్తుకు అర్థం మీకూ ఆ వెబ్‌సైటుకూ మధ్య సమాచారాన్ని దారిలో ఎవరూ చదవలేరని మాత్రమే, ఆ వెబ్‌సైటు నడిపేవారు నిజాయితీపరులని కాదు. లెట్స్ ఎన్‌క్రిప్ట్ వంటి సంస్థలు 2015 నుంచి ఆ తాళం గుర్తుకు కావలసిన సర్టిఫికెట్లను ఉచితంగానే ఇస్తున్నాయి, దొంగ వెబ్‌సైట్లు కూడా వాటిని తెచ్చుకుంటాయి. జనం దాన్ని అపార్థం చేసుకుంటున్నారనే 2023లో క్రోమ్ బ్రౌజర్ ఆ గుర్తును తీసేసి వేరే గుర్తు పెట్టింది.

అడ్రసును ఎలా చదవాలో నేర్పడం అంతకంటే ఉపయోగం. మొదట వచ్చే జంట గీతలను వదిలేసి, ఆ తరువాత కనిపించే మొదటి ఒంటి ఏటవాలు గీత దగ్గర ఆగి, అక్కడి నుంచి ఎడమవైపుకు చదవాలి. గీతకు ఆనుకుని ఉన్న చివరి భాగాలే అసలు యజమానిని చెబుతాయి. బ్యాంకు పేరు అడ్రసు మొదట్లో ఉండి, ఆ తరువాత చుక్క పెట్టి మరేదో పేరు ఉంటే ఆ వెబ్‌సైటు ఆ మరేదో పేరువారిదే. ఇంత జాగ్రత్తగా ప్రతిసారీ చదవడం పెద్దవారికి కష్టం అనుకుంటే, ఖాతాల పాస్‌వర్డ్‌లను దాచుకుని తానే నింపే పాస్‌వర్డ్ మేనేజర్ పెట్టండి. అది అడ్రసును అక్షరం పొల్లుపోకుండా పోల్చి చూస్తుంది, నకిలీ పేజీలో పాస్‌వర్డ్ నింపదు. రోజూ తానే నింపేది ఈరోజు ఎందుకు నింపలేదన్న ప్రశ్నే పెద్ద హెచ్చరిక. పాస్‌కీ సదుపాయం (పాస్‌వర్డ్‌కు బదులు ఫోను తాళం తీసినట్టే వేలిముద్రతోనో పిన్‌తోనో లాగిన్ అయ్యే పద్ధతి) ఉన్న చోట దాన్నే ఎంచుకోండి, అది అసలు వెబ్‌సైటుకు ముడిపడి ఉంటుంది కనుక మనం ఇవ్వాలనుకున్నా దొంగ వెబ్‌సైటుకు ఇవ్వలేం.

చెల్లింపు పద్ధతి గురించి ఒక్క మాట. కార్డుతో చెల్లించిన డబ్బు విషయంలో వివాదం లేవనెత్తే మార్గం ఉంటుంది. గిఫ్ట్ కార్డు, క్రిప్టో, తెలియని వ్యక్తి ఖాతాకు నేరుగా బదిలీ అడిగేవారు అటువంటి మార్గం మనకు లేకుండా చేయడానికే అడుగుతారు.

మధ్యాహ్నపువెలుగు:

అందరికీ కృతజ్ఞతలు. ఓటీపీ మెసేజి ఇంకా ఉంది. పాతలెడ్జరు గారు చెప్పినట్టే అందులో మొత్తమూ వ్యాపారి పేరూ స్పష్టంగా రాసి ఉన్నాయి, రద్దు అనే మాటే ఎక్కడా లేదు. ఒకవేళ ఎవరైనా అప్పటికే ఓటీపీ చెప్పేసి, లేదా వాళ్లు చెప్పిన యాప్ ఏదైనా ఫోనులో వేసుకుని ఉంటే, ముందుగా ఏం చేయాలో కూడా చెప్పగలరా?

పాతలెడ్జరు సమాధానం:

యాప్ వేసుకుని ఉంటే ముందుగా ఆ ఫోనుకు ఇంటర్నెట్ ఆపివేయాలి. స్క్రీన్ చూపించే యాప్ నడుస్తున్నంతసేపు మీరు మార్చే కొత్త పాస్‌వర్డ్ కూడా వారికి కనిపిస్తుంది. తరువాత వేరే ఫోన్ నుంచి బ్యాంకుకు ఫోన్ చేసి కార్డును పూర్తిగా ఆపించాలి. కార్డు నంబరూ సీవీవీ వారి దగ్గర ఉన్నప్పుడు పిన్ మార్చినందువల్ల ప్రయోజనం లేదు. ఆ తరువాత ఇంకో సురక్షితమైన పరికరం నుంచి ఈమెయిల్ పాస్‌వర్డ్ మార్చాలి, ఎందుకంటే మిగతా ఖాతాల పాస్‌వర్డ్‌లన్నీ దాని ద్వారానే మార్చుకోవచ్చు.

ఫోనులో చెప్పి ఊరుకోకుండా వివాదాన్ని రాతపూర్వకంగా నమోదు చేసి, ఫిర్యాదు సంఖ్య తీసుకోండి. వచ్చిన మెసేజిలు, ఫోన్ వచ్చిన సమయం, లావాదేవీ వివరాలు చెరిగిపోకుండా ఉంచండి, పోలీసుల సైబర్ నేరాల విభాగానికి కూడా అవే ఇవ్వాలి. ఓటీపీ మనమే చెప్పిన కేసులలో బ్యాంకులు అంత తేలికగా ఒప్పుకోవు, ఆ మాట దాచను. అయినా ఆలస్యం లేకుండా చెప్పినప్పుడు, డబ్బు ఇంకా వ్యాపారి దగ్గరే ఆగి ఉండి వెనక్కి రప్పించగలిగిన సందర్భాలు నేను చూశాను, కనుక సిగ్గుపడి ఒకటి రెండు రోజులు ఆలోచిస్తూ కూర్చోవద్దు.

ఇదంతా జరిగిన కొన్ని వారాలకు, పోయిన డబ్బు తిరిగి ఇప్పిస్తామంటూ న్యాయవాదిననో, అధికారిననో ఎవరో ఫోన్ చేసి ముందుగా కొంత రుసుము కట్టమంటారు. ఒకసారి మోసపోయినవారి పేర్ల జాబితాలు చేతులు మారుతుంటాయి, అందుకే పోయిన మొత్తం కూడా కచ్చితంగా చెప్పగలుగుతారు. ఆ ఫోన్ కూడా పెట్టేసి, మీ దగ్గరున్న ఫిర్యాదు సంఖ్యతో బ్యాంకుకు మీరే ఫోన్ చేసి కనుక్కోండి.